‘పిల్లి’ని ‘పిలిల’ అని చదివే మూడో తరగతి: ప్రాథమిక బడిలో చదువు ఎక్కడ ఆగుతోంది?

క్లుప్తంగా: అక్షరాలన్నీ గుర్తుపట్టే పిల్లలు కూడా వాక్యం దగ్గరికి వచ్చేసరికి తడబడుతున్నారు. దీనికి టీచర్ల బద్ధకమో, పిల్లల తెలివి తక్కువతనమో కారణమనుకుంటే విషయం అర్థం కాదు. తెలుగు లిపిలో గుణింతాలు, ఒత్తులు నేర్వడానికి పట్టే కాలం ఒకటి, బడి వాటికి కేటాయించే కాలం మరొకటి. ఈ తేడాను పూడ్చడానికి జరిగిన ప్రయత్నాల్లో ఏవి ఫలించాయి, ఏవి కాగితాల దగ్గరే ఆగిపోయాయి అన్నదే ఈ విశ్లేషణ.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చేయాలి. 2021 జులై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ మిషన్ పెట్టుకున్న లక్ష్యం ఇది. గడువు 2026-27 విద్యా సంవత్సరం. ఒకటో తరగతి చివరికి నాలుగైదు పదాల చిన్న వాక్యాలు, రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతిలో కనీసం 60 పదాలు చదవాలని ఆ మిషన్ గీత గీసింది.

నేల మీద పరిస్థితి వేరు. ఇంటింటికీ వెళ్లి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం, గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. కరోనా తర్వాత 2022లో 16.3కి పడిపోయిన అంకె ఇది. తిరిగి లేచి 2018 నాటి 20.9 శాతాన్ని కూడా దాటింది. ఐదో తరగతిలో సైతం రెండో తరగతి పాఠం చదివినవారు 44.8 శాతమే. కోలుకోవడం నిజమే, కానీ కోలుకున్నాక ఉన్న చోటు కూడా సగం కన్నా తక్కువే. మూడో తరగతి చదువులో తెలుగు రాష్ట్రాలు రెండూ ఈ జాతీయ సగటుకు కిందే ఉన్నాయి.

నివేదిక వచ్చిన ప్రతిసారీ చర్చ ఒకే దారిలో సాగుతుంది. ‘టీచర్లు చెప్పడం లేదు’ అని ఒకరు, ‘డిటెన్షన్ (ఫెయిలైనవారిని అదే తరగతిలో ఉంచడం) ఎత్తేయడం వల్లే’ అని మరొకరు, ‘ఫోన్లు చెడగొట్టాయి’ అని ఇంకొకరు. అసలు పిల్లవాడు చదివేటప్పుడు ఏం జరుగుతోంది, ఏ అక్షరం దగ్గర ఆగుతున్నాడు అన్నది ఈ గోలలో ఎవరికీ పట్టదు. అక్కడి నుంచే మొదలుపెడితే చాలా ముడులు విడతాయి.

ఒత్తు దగ్గర ఏం జరుగుతుంది?

బోర్డు మీద ‘పిల్లి’ అని రాసి చదవమంటే, తడబడే పిల్లవాడు చాలాసార్లు ‘పి... లి... ల’ అంటాడు. ‘చెట్టు’ను ‘చె... టు... ట’ అంటాడు. పక్కవాళ్లు నవ్వుతారు. నిజానికి వాడు తప్పు చదవలేదు, కళ్లకు కనిపించినది కనిపించిన వరుసలోనే చదివాడు. ‘ల్లి’లో గుడి పైనున్న ‘ల’కు తగిలించి ఉంటుంది, ఒత్తు కింద ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ముందు పై ‘ల’ సగం ధ్వని, తర్వాత కింది ‘ల’, ఆ తర్వాతే గుడి ధ్వని రావాలి. రాతలో అచ్చు గుర్తు ఉన్న చోటు ఒకటి, నోట్లో అది పలికే చోటు మరొకటి. పెద్దవాళ్లకు ఇది కంటికి ఆనదు. ఆరేళ్ల పిల్లవాడికి ఇదో పెద్ద గడి.

దీనికి తోడు ఒత్తుల ఆకారాలు. చాలా హల్లులకు ఒత్తు తలకట్టు తీసేసిన అదే అక్షరం. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. తెలుగులో ఎక్కువగా వాడే ఒత్తుల్లో ఇవీ ఉండడం యాదృచ్ఛికమే గానీ, నేర్చుకునేవాడికి అది దురదృష్టం.

గుణింతాల లెక్క కూడా చూడాలి. 36 హల్లులకు 16 గుణింత రూపాల చొప్పున వేస్తే 576. అరుదుగా వచ్చే అక్షరాలనూ వట్రసుడి లాంటివాటినీ తీసేసి సగానికి తగ్గించినా మూడొందలకు దగ్గరే. అవి కూడా ఒకే సూత్రం మీద నడవవు. కు, గు, చుల్లో పక్కన వచ్చే కొమ్ము పు, వులలో అక్షరం కిందికి దిగుతుంది. కొ, తొలలో కనిపించే ఒత్వం మొ, యొ, ఘొల దగ్గర రూపం మార్చుకుంటుంది. ప, ష, వ, మ పక్కపక్కన పెడితే తేడా ఒక గీతో ఒక ముడో. ద, ధ, థలకు తేడా ఒక చుక్కో చీలికో.

తమిళంతో పోలిస్తే ఈ బరువు తెలుస్తుంది. తమిళంలో హల్లులు 18. అక్షరాల పట్టిక మొత్తం 247 దగ్గర ముగిసిపోతుంది. జంట హల్లు వస్తే పైన చుక్క పెట్టి పక్కపక్కనే రాస్తారు, ఒకదాని కింద ఒకటి పేర్చరు. కన్నడం మాత్రం తెలుగుకు అక్కచెల్లెలు, ఒత్తులూ గుణింతాలూ దాదాపు ఇవే. కన్నడ పిల్లలు లిపి నేర్చుకునే వేగం మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల మాదిరిగా ఏడాదిలో ముగిసే పని కాదని, అక్షర జ్ఞానం మూడు, నాలుగు తరగతుల దాకా మెల్లగా పెరుగుతూనే ఉంటుందని అది చూపించింది.

మన బడుల్లో మాత్రం ఒకటో తరగతిలో వర్ణమాల, ఆ ఏడాది చివరికో రెండో తరగతి మొదట్లోనో గుణింతాలు, వాటి వెనకే ఒత్తులు, ఆపైన పాఠాలే పాఠాలు. నాలుగేళ్లు పట్టే పనికి బడి ఇస్తున్నది ఏడాదిన్నర, రెండేళ్లు.

ఇంట్లో మాటలన్నీ ఒత్తులే

ఒక పిల్లవాడి ఇంటిని తీసుకుందాం. అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, చెల్లి, అత్త, తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ. ఒత్తు లేని చుట్టాల కోసం వెతికితే మామ, బావ, వదిన లాంటి కొందరే దొరుకుతారు. కంచంలోకి వస్తే అన్నం, పప్పు, పచ్చడి, నెయ్యి, గుడ్డు. వాకిట్లో కుక్క, పిల్లి, చెట్టు, ముగ్గు. తెలుగు పిల్లవాడి రోజువారీ మాటల్లో ఒత్తు ఎక్కడో మూల కూర్చునే వస్తువు కాదు, నట్టింట్లోనే ఉంటుంది.

చదువు నేర్పే వరుసలో మాత్రం ఒత్తుది ఆఖరి స్థానం. అందుకే తొలి నెలల్లో పిల్లలు చదివే మాటలు అల, వల, గద, అరక, ఈటె లాంటివి. ‘గద’ బొమ్మ చూసి గుర్తుపడతారు సరే, కానీ ఆ మాట వాళ్ల నోట ఎన్నిసార్లు వస్తుంది? చదవడం అంటే నోటికి వచ్చిన మాటే కాగితం మీద కనిపించడం అన్న సంగతి పిల్లవాడికి తట్టాల్సిన వయసులో, కాగితం మీద తన మాటలు కనిపించవు. ఆ మాటలు కనిపించే రోజుకు, అంటే ఒత్తులు వచ్చేసరికి, టీచర్ చేతిలో పాఠ్యపుస్తకం పరుగు మొదలుపెట్టి ఉంటుంది.

వర్ణమాల వరుసను వదిలి, పదం నుంచి అక్షరానికి వెళ్లే పద్ధతి పాఠ్యపుస్తకాల్లోకి వచ్చి చాలా కాలమైంది. మంచి మార్పే. అయితే ఆ పదాల ఎంపికను మళ్లీ ‘ఒత్తు లేనివి ముందు’ అన్న నియమమే నడిపిస్తోంది. మ్మ, న్న, క్క, ల్ల, ట్ట, ప్ప, య్య, త్త లాంటి ఓ పది ద్విత్వాలను, అంటే హల్లుకు అదే హల్లు ఒత్తుగా వచ్చేవాటిని, మొదటి ఏడాదే, సూత్రం చెప్పకుండా, బొమ్మను గుర్తుపట్టినట్టు పదాల్లోనే గుర్తుపట్టించడం కష్టమేమీ కాదు. రాత్రి, పుస్తకం లాంటి, వేరే హల్లు ఒత్తుగా వచ్చే సంయుక్తాలు తర్వాత రావచ్చు. ఒత్తులన్నిటినీ ఒకే మూటగా కట్టి చివరికి నెట్టాల్సిన అవసరం భాషలో లేదు, అలవాటులో ఉంది.

పాటగా వచ్చిన గుణింతం

ఏ బడి పక్కనుంచి వెళ్లినా వినిపించే రాగం ‘క కా కి కీ’. పిల్లలకు అది తప్పులేకుండా వస్తుంది. కానీ వేలు పెట్టి ‘ఇదేంటి?’ అని ‘కె’ చూపిస్తే చాలామంది మళ్లీ ‘క’ దగ్గర ఎత్తుకుని, పాట పాడుకుంటూ అక్కడికి వస్తారు. పాట తెలుసు, అక్షరం తెలియదు. ప్రతి అక్షరానికీ ఒక వరుస పాడుకోవాల్సి వస్తే, వాక్యం చివరికి చేరేసరికి మొదటి పదం మరుపున పడుతుంది.

తెలుగు పదాల పొడవు దీన్ని మరింత బిగిస్తుంది. ‘చదువుకుంటున్నాడు’ అన్నది ఒక్క పదం. చ, దు, వు, కుం, టు, న్నా, డు అని ఏడు ముక్కలు. ఒక్కో ముక్కకు రెండు సెకన్లు పట్టినా పదం పూర్తయ్యేసరికి పద్నాలుగు సెకన్లు. అప్పటికి మొదట్లో ఏముందో తలలో నిలవదు. అర్థం తెలియకపోవడానికి కారణం తెలివి కాదు, వేగం. నిమిషానికి ఇన్ని పదాలు అన్న లక్ష్యం వెనక ఉన్న తర్కం ఇదే. అయితే పొడవాటి పదాల తెలుగుకూ, పొట్టి పదాల హిందీకీ ఒకే అంకె సరిపోదు. 2022లో కేంద్ర విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో చేసిన అధ్యయనంలో ఒక్కో భాషకు వేర్వేరు కొలమానాలు పెట్టడానికి కారణం అదే.

కోరస్ చదువు ఇంకో తెర. టీచర్ ఒక వాక్యం చదువుతారు, తరగతి మొత్తం తిరిగి అంటుంది. నాలుగు రోజులకు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నవాడు కూడా పాఠం అప్పజెప్పేస్తాడు. కాపీ రాతలదీ అదే కథ. ముత్యాల్లాంటి అక్షరాలతో నోట్సు నిండి ఉంటుంది, తల్లిదండ్రులు చూసి మురిసిపోతారు, రాసినదే చదవమంటే నీళ్లు నములుతాడు. తరగతి బాగా నడుస్తున్నట్టు కనిపించడానికీ, పిల్లవాడు నేర్చుకోవడానికీ మధ్య దూరం ఇక్కడే పుడుతుంది. టీచర్ మోసం చేస్తున్నారని కాదు. ముప్పై మందిని ఒక్కొక్కరినే వినడానికి వీల్లేని చోట కోరస్ ఒక్కటే దారి.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు

ఎందుకు వీల్లేదు? విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు. 30 మందికి ఒకరు అన్న నిష్పత్తి కాగితం మీద చక్కగా ఉంది. కానీ తరగతులు ఐదు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులను పంచుకుంటే ఏ తరగతికైనా టీచర్ నేరుగా దక్కేది రోజులో అయిదింట రెండు వంతులే. మిగతా సమయమంతా ‘రాసుకోండి’, ‘చదువుకోండి’. ఒకరు సెలవు పెడితే, శిక్షణకు వెళ్తే, ఓటర్ల జాబితా పనిలో పడితే, ఆ బడి ఆ రోజుకు ఏకోపాధ్యాయ పాఠశాలే. ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు అని చట్టం చెప్పిన లెక్క బడి తెరిచి ఉన్న గంటలది, పిల్లవాడికి అందిన గంటలది కాదు. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం ఫోటోలు, ఆన్‌లైన్ వివరాలు కూడా ఆ గంటల్లోంచే పోతాయి.

ఈ ముడి విప్పడానికి ఆంధ్రప్రదేశ్ 2022లో ఒక దారి పట్టింది. జీవో 117 ద్వారా 3, 4, 5 తరగతులను దగ్గర్లోని ఉన్నత పాఠశాలల్లో కలిపి, సబ్జెక్టు టీచర్లతో చెప్పించాలనుకుంది. పెద్ద తరగతులు వెళ్లిపోయాక ఊరి బడి చిక్కిపోయింది. చిన్నపిల్లలు రోడ్లు దాటి వెళ్లాల్సి వస్తోందని తల్లిదండ్రులు ఎదురు తిరిగారు. 2025లో ప్రభుత్వం ఆ జీవోను పక్కనపెట్టి, తరగతికి ఒక టీచర్ ఉండే మోడల్ ప్రాథమిక పాఠశాలల వైపు మళ్లింది. రెండు ప్రయత్నాల వెనకా ఉన్న గుర్తింపు ఒకటే: ఒక టీచర్ మూడు తరగతులకు చదువు చెప్పలేరు. తేడా పరిష్కారంలో ఉంది. ఊరికి దగ్గరా, తరగతికి టీచరా అన్న ఈ తూకంలో రెండూ పూర్తిగా దొరకవు.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో మాత్రం ప్రశ్ననే మార్చి అడిగారు. బహుళ తరగతుల బడి తప్పనప్పుడు, తరగతి అన్న గీతనే చెరిపేస్తే? అక్కడి గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల ఊళ్ల చిన్న బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టింది. కార్డుల వరుస ఒక నిచ్చెన. ఒక్కో మెట్టుకు ఒక గుర్తు. పిల్లవాడు నిచ్చెన మీద తాను ఎక్కడ ఉన్నాడో తానే చూసుకుని, ఆ కార్డు తెచ్చుకుంటాడు. కొన్ని పనులు టీచర్‌తో, కొన్ని తోటివారితో, కొన్ని ఒంటరిగా. వారం రోజులు జ్వరంతో రాకపోయినా తిరిగి వచ్చి తన మెట్టు నుంచే ఎక్కుతాడు. కర్ణాటకలోని నలి-కలి, తమిళనాడులో 2007 ప్రాంతంలో రాష్ట్రమంతా విస్తరించిన కృత్యాధార బోధన (పనులు చేస్తూ నేర్చుకునే పద్ధతి) ఈ మూలం నుంచి ఎదిగినవే. పుట్టింట్లో కన్నా పొరుగింట్లో ఎక్కువ పేరు తెచ్చుకున్న పద్ధతి అనుకోవచ్చు. దీనికీ పరిమితి ఉంది. కార్డులు చిరిగితే కొత్తవి రావాలి, టీచర్‌కు నెలల తరబడి అలవాటు కావాలి. అధికారి వచ్చి ‘ఏ పాఠం నడుస్తోంది?’ అని అడిగితే చెప్పడానికి ఒక్క జవాబు ఉండదు. రాష్ట్రమంతా పరిచినప్పుడు ఇలాంటి పద్ధతులు పలచబడేది ఇక్కడే.

ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన ప్రయోగాలు

ప్రాథమిక విద్యపై ప్రపంచంలో ఎక్కువగా ఉదహరించే ప్రయోగాల్లో కొన్ని మన ఊళ్ల బడుల్లో జరిగినవేనని తెలుగువారిలో చాలామందికి తెలియదు. 2005 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు సహకారంతో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ వీటిని నడిపారు. లాటరీ తీసినట్టు బడులను ఎంపిక చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో రకం సాయం అందించి, ఏ సాయమూ అందని బడులతో పోల్చారు.

వాటిలో ఒకటి ఇవాళ్టి విధానాలకు సూటిగా తగులుతుంది. కొన్ని బడుల్లో పిల్లలకు ఏడాది మొదట్లో పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రిపోర్టు తయారుచేసి టీచర్ల చేతికిచ్చారు. మధ్యమధ్యలో వెళ్లి తరగతులు గమనించారు. గమనించేవాళ్లు ఉన్నప్పుడు ఆ టీచర్లు మిగతావారి కన్నా చురుగ్గా కనిపించారు. ఏడాది చివర మార్కులు చూస్తే మాత్రం తేడా లేదు. అంటే సమాచారం చేరింది, బోధన మారలేదు. అదే రిపోర్టులు, ఫలితాలను బట్టి బోనస్ ఉన్న బడుల్లోనూ ఇచ్చారు. అక్కడ రిపోర్టు పనికొచ్చిందన్న టీచర్ల పిల్లల మార్కులు మెరుగ్గా వచ్చాయి. బోనస్ ప్రయోగం మొత్తంగా రెండేళ్లలో లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కులు సగటుకు ఎంత అటూఇటూ ఉన్నాయో చెప్పే కొలత) మేర పెరుగుదల చూపింది. భాష ఇక్కడ కూడా లెక్కల వెనకే నడిచింది.

పరీక్షలు పెంచితే చదువు పెరుగుతుందన్న నమ్మకం మన విద్యాశాఖల్లో బలంగా ఉంది. బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్, మధ్యలో ఫార్మేటివ్‌లు. ‘సి గ్రేడు’ అని తెలిసిన పిల్లవాడితో మర్నాడు ఉదయం ఏం చేయాలో, ఏ సమయంలో చేయాలో టైమ్‌టేబుల్ చెప్పకపోతే గ్రేడు రిజిస్టర్‌లోనే మిగిలిపోతుంది.

టైమ్‌టేబుల్ మారిస్తే ఏమవుతుందో ఉత్తరాది అనుభవం చూపించింది. ప్రథమ్ సంస్థ రూపొందించిన ‘స్థాయికి తగిన బోధన’లో సూత్రం చాలా చిన్నది. రోజులో ఒక గంట 3, 4, 5 తరగతుల గోడలు తీసేసి, అక్షరం దగ్గర ఉన్నవారిని ఒకచోట, పదం దగ్గర ఉన్నవారిని ఒకచోట, పేరా దగ్గర ఉన్నవారిని మరోచోట కూర్చోబెట్టడం. బిహార్, ఉత్తరాఖండ్‌లలో ఈ పద్ధతిలో శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేస్తే బడి వేళల్లో పెద్దగా ఏమీ మారలేదు. టీచర్లు తిరిగి పాఠ్యపుస్తకంలోకే వెళ్లిపోయారు. 2012-13లో హరియాణాలో అదే పద్ధతికి రోజూ ఒక గంట విడిగా కేటాయించారు. టీచర్లను పర్యవేక్షించే క్షేత్రస్థాయి సిబ్బంది ముందుగా తామే కొన్ని రోజులు పిల్లలకు చెప్పి చూశారు. అక్కడ భాషలో ఫలితం వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో విడతలవారీగా సుమారు 50 రోజులు నడిచిన శిబిరాలు ఇంకా పెద్ద మార్పు చూపాయి. పద్ధతి ఒకటే. గంట దొరికిన చోట పనిచేసింది, దొరకని చోట ఫైల్లో ఉండిపోయింది.

తెలంగాణ 2022 ఆగస్టు 15న 1 నుంచి 5 తరగతులకు మొదలుపెట్టిన ‘తొలిమెట్టు’ను ఈ వెలుగులో చూడాలి. టీచర్లకు శిక్షణ, పాఠ్య ప్రణాళికలు, కనీస సామర్థ్యాల పరీక్షలు, పర్యవేక్షణ దాని అంగాలు. ఆంధ్రప్రదేశ్ 2021లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో చేపట్టిన ‘సాల్ట్’ ప్రాజెక్టులోనూ పునాది చదువుకు పెద్ద పీట వేశారు. రెండింటి మీదా టీచర్ల వైపు నుంచి వినిపించే ఇబ్బంది ఒకటే: సిలబస్ కూడా అదే నెలలో పూర్తి చేయాలి, వెనకబడినవారినీ అదే నెలలో లేపాలి. తనిఖీకి వచ్చినవారు అడిగే మొదటి ప్రశ్న సిలబస్ గురించైతే, టీచర్ ఏది ఎంచుకుంటారో ఊహించడం కష్టం కాదు.

రెండు లిపులు ఒకేసారి

ఈ మధ్య కొత్తగా చేరిన బరువు ఇంగ్లిష్ మీడియం. తల్లిదండ్రుల కోరిక బలమైనది, దానికి కారణాలూ ఉన్నాయి. రెండు రాష్ట్రాలూ ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో మరో భాషగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చాయి. పెద్ద పిల్లలకు, టీచర్లకు అవి బాగా ఉపయోగపడతాయి. ఆరేళ్ల పిల్లవాడికి మాత్రం, అచ్చు గుర్తు అక్షరానికి అంటుకునే లిపి ఒకటి, అక్షరాలు విడివిడిగా నిలబడి ఒక్కో పదంలో ఒక్కో రకంగా పలికే లిపి ఇంకొకటి ఒకేసారి నేర్వాల్సి వస్తోంది. నోటికి వచ్చిన భాషలో చదవడం కుదిరాక రెండోది ఎక్కించడం సులువు. తిరగేస్తే రెండూ సగం సగమవుతాయి.

ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగిన మరో ప్రయోగంలో లాటరీ ద్వారా ప్రైవేటు బడుల్లో సీటు పొందిన పిల్లలను నాలుగేళ్లు అనుసరించారు. తెలుగు, లెక్కల్లో వాళ్లు ప్రభుత్వ బడి పిల్లలకు సమానంగానే ఉన్నారు, మించలేదు. ప్రైవేటు బడులు ఆ రెండింటికీ తక్కువ సమయం ఇచ్చి, ఇంగ్లిష్‌కు, హిందీ లాంటివాటికి ఎక్కువ ఇవ్వడం దీనికో కారణం. హిందీలో మాత్రం వాళ్లు చాలా ముందున్నారు, పైగా ఆ బడుల తలసరి ఖర్చు ప్రభుత్వ బడుల ఖర్చులో మూడో వంతు. ‘ప్రైవేటే మేలు’ అనేవారికీ, ‘ప్రభుత్వమే మేలు’ అనేవారికీ చెరో సగం దొరికే ఫలితం ఇది.

మన్యంలో ఈ బరువు మూడింతలు. సవర, కువి, కోయ, గోండి మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి తెలుగే పరాయి భాష. 2004 ప్రాంతంలో ఉమ్మడి ప్రభుత్వం ఎనిమిది భాషల్లో, ఆ భాషలనే తెలుగు లిపిలో రాసి, మాతృభాషాధారిత బోధన మొదలుపెట్టింది. లిపి కొత్తదైనా మాట తనదే కాబట్టి పిల్లవాడికి ఒక కాలు నేల మీద ఆనింది.

లెక్కల్లో తెలుగుకు ఒక వరం

చదువులో లిపి అడ్డుపడితే, లెక్కింపులో భాష సాయపడుతుంది. హిందీలో ఒకటి నుంచి వంద దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ విడి పేరు బట్టీ పట్టాలి. తెలుగులో పదకొండు నుంచి పంతొమ్మిది దాకా కాస్త తిప్పలు, ఆ తర్వాత అన్నీ సాఫీ. ఇరవై ఒకటి, ముప్పై రెండు, తొంభై తొమ్మిది. పదులు ముందు, ఒకట్లు తర్వాత, అంకెలు రాసే వరుసలోనే. స్థాన విలువ భాషలోనే దాగి ఉంది. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టిన పిల్లలు థర్టీన్, థర్టీల దగ్గర పడే తికమక ఇందులో లేదు. అగ్గిపుల్లల కట్టలతో ‘మూడు పదులు, రెండు ఒకట్లు, ముప్పై రెండు’ అని తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లిష్ పేరు తగిలించడానికి ఏ మీడియమూ అడ్డం కాదు.

బడికి ముందు రెండేళ్లు

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశ అంది. తర్కం సరైనదే. ‘కప్ప’లో, ‘కర్ర’లో మొదట వినిపించేది ఒకటేనని చెవికి తెలిసిన పిల్లవాడికి ‘క’ గీత అంటుకుంటుంది. ఆ చెవి నాలుగైదేళ్ల వయసులో కథలు, పాటలు, పొడుపు కథలు, చప్పట్ల ఆటలతో తయారవుతుంది. అంగన్‌వాడీలో మాత్రం ఒకే టీచర్ చేతిలో పౌష్టికాహారం, బరువులు తూచడం, గర్భిణుల వివరాలు, రిజిస్టర్లు అన్నీ ఉంటాయి. తమిళనాడులో 320 కేంద్రాలతో జరిగిన ఒక ప్రయోగంలో, వాటిలో సగం కేంద్రాలకు పూర్వప్రాథమిక బోధన కోసమే అదనంగా ఒకరిని నియమిస్తే, బోధన సమయం రెట్టింపైంది. పిల్లల చదువు పెరిగింది, పౌష్టికాహార లోపం కూడా తగ్గింది. పాత కార్యకర్తకు తన పని చేసుకునే తీరిక దొరకడం రెండో దానికి కారణం. ఇక్కడ తక్కువైంది శిక్షణ కన్నా ముందు చేతులు.

గడువు దగ్గరపడితే

2026-27 దగ్గరపడేకొద్దీ జిల్లాల వారీగా శాతాలు వస్తాయి, ర్యాంకులు వస్తాయి, వాటితో పాటు టెన్షన్ కూడా. తన బడి పిల్లలకు తానే పరీక్ష పెట్టి, తానే దిద్ది, తానే మార్కులు ఎక్కించే పద్ధతిలో ఆ శాతాలు ఎంతవరకు నమ్మదగ్గవి? ఆంధ్రప్రదేశ్‌లోనే ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ చేసిన అధ్యయనం దీనికి జవాబిచ్చింది. టీచర్ల పర్యవేక్షణలో కాగితం మీద జరిగిన పరీక్షలు, బయటివారు విడిగా పెట్టిన పరీక్షలతో పోలిస్తే పిల్లల స్థాయిని ఎక్కువ చేసి చూపాయి. ట్యాబ్‌లలో జరిగినవి మాత్రం విడి పరీక్షలకు దగ్గరగా ఉన్నాయి. పెంచి చూపిన మార్కుల వల్ల నష్టం లెక్కల్లో కాదు. వెనకబడ్డాడని గుర్తించాల్సిన పిల్లవాడు ‘బి ప్లస్’లో కలిసిపోతాడు, వాడి కోసం రావాల్సిన గంట రాదు.

పునాది స్థాయిలో అసలు కొలత మాత్రం యాప్ కన్నా చిన్నది. అన్నం, పిల్లి, చెట్టు, తమ్ముడు, గుడ్డు అని అట్టముక్క మీద రాసి, పిల్లలను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి చదివిస్తే మనిషికి రెండు నిమిషాలు. ముప్పై మందికి ఒక గంట, నెలకు ఒకసారి. అసలు అక్షరమే తెలియనివారు కొందరు తేలతారు, గుణింతం కోసం పాట ఎత్తుకునేవారు కొందరు, ఒత్తు దగ్గర వరుస తారుమారు చేసేవారు కొందరు. ముగ్గురికీ ఇప్పుడు అందుతున్నది ఒకటే మందు, మళ్లీ మొదటి నుంచి అ ఆలు దిద్దించడం. ‘పిలిల’ అన్నవాడికి దాని అవసరం లేదు. ‘ల్ల’ మీద వేలు పెట్టి, గుడిని కాసేపు అరచేత్తో మూసి, రెండు ‘ల’లను కలిపి పలికించి, చివర్లో చెయ్యి తీస్తే సరిపోతుంది.